పసివారి మెదడు కంతులు: మేరీ హాటెన్ పరిశోధనపై ఒక విమర్శ

పసివారి మెదడులో పుట్టు దుష్టకంతులలో మెడుల్లోబ్లాస్టోమా ముఖ్యమైనది. ఇది చిన్నమెదడు ప్రాంతమున పెరుగును. 1925లో అమెరికా శస్త్రవైద్యులు బెయిలీ, కుషింగ్ దీనికి ఈ పేరు పెట్టిరి. 'మెడుల్లోబ్లాస్ట్' అను పిండదశకు చెందిన కణమునుండి ఇది పుట్టునని వారు ఊహించిరి. ఆ కణము నేటివరకు ఎవరికిని కనబడలేదు. పేరు మాత్రము నిలిచినది.

అయినచో ఈ కంతి ఏ కణమునుండి పుట్టుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చాలవరకు, కంతులను గాక, ఆరోగ్యముగా పెరుగు చుంచెలుక పిల్లల చిన్నమెదడును పరిశీలించిన వారివలన లభించినది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞురాలు డాక్టర్ మేరీ హాటెన్ వారిలో ప్రముఖురాలు. ఆమె చూపిన మార్గము విలువ యెంత, దాని హద్దు లెక్కడ అని విచారించుట అవసరము.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవనియు, వానిలో సుమారు 6,900 కోట్లు చిన్నమెదడులోనే యున్నవనియు 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు లెక్కించిరి. వీనిలో అత్యధికభాగము గ్రాన్యూల్ కణములు. ఇవి మొదట చిన్నమెదడు పైపొరలో వృద్ధిచెంది, పిమ్మట లోనికి దిగును. గ్లియా కణముల పోగుల వెంట ఇవి దిగునని 1971లో పాస్కో రాకిచ్ సూచించెను. కాని ఆయన చూచినది నిర్జీవమైన కణజాలమును. హాటెన్ ఈ కణములను వేరుచేసి గాజుపాత్రలలో పెంచినది. నూతిలోనికి త్రాడు పట్టుకొని దిగు మనిషివలె, సజీవమైన కణము పోగును పట్టుకొని సాగుటను 1987లో ఆమెయు ఎడ్మండ్‌సనును సూక్ష్మదర్శినిలో చూపిరి.

1991లో ఆమె బృందము మరియొక సంగతి కనుగొన్నది. పైపొర కణములను గుంపుగా ఉంచినచో విభజన చెందుచుండును. విడివిడిగా చల్లినచో విభజన మానును. అనగా విభజన ఇరుగుపొరుగు కణములపై ఆధారపడి యున్నది. పర్కింజి కణములు విడుచు 'సోనిక్ హెడ్జ్‌హాగ్' అను మాంసకృత్తి ఈ కణములను విభజనకు పురికొల్పునని 1999లో వెక్స్‌లర్-రేయా, స్కాట్ నిరూపించిరి. ఈ సంకేతమునకు 'పాచ్డ్' అను జన్యువు కళ్ళెము వంటిది. ఈ జన్యువు ఒక ప్రతి చెడిన చుంచెలుకలలో కొన్నింటికి మెడుల్లోబ్లాస్టోమా వచ్చునని 1997లో తేలినది. అట్టి లోపముతో పుట్టిన పిల్లలకును ఈ అపాయము కలదు. పెరుగుదల ఆగవలసిన వేళ ఆగకపోవుటయే కంతి యను భావము ఇట్లు స్థిరపడినది.

ఈ భావము సుందరమైనది. అందువలననే దానిని జాగ్రత్తగా తూచవలెను.

మొదటిది: ఇది అన్ని మెడుల్లోబ్లాస్టోమాలకు వర్తింపదు. 2012లో శాస్త్రజ్ఞులు వీనిని నాలుగు తెగలుగా విభజించిరి. గ్రాన్యూల్ కణముల పూర్వకణములనుండి పుట్టునది అందులో ఒక్కటియే. అది నూటికి సుమారు 30 మాత్రమే. మరియొక తెగ మెదడు కాండమునుండి పుట్టునని 2010లో తెలిసినది. 'రహస్యము వెల్లడియైన'దని వ్రాయువారు మిగిలిన పిల్లలను మరచుచున్నారు.

రెండవది: చుంచెలుక మనిషి కాదు. దాని పైపొర మూడు వారములలో అదృశ్యమగును; మన బిడ్డలలో అది మొదటి పుట్టినరోజు దాటువరకు నిలుచును. అంతేకాక, చిన్నమెదడు కణములకు పుట్టినిల్లయిన 'రాంబిక్ లిప్'లో, చుంచెలుకలో లేని ఒక ప్రత్యేకమైన పొర మానవ పిండమున కలదని 2019లో ప్రకటితమైనది. మూడవ, నాలుగవ తెగల మూలము ఆ పొరతో ముడివడి యున్నదని 2022లో సాక్ష్యము లభించినది. చుంచెలుకనే నమ్ముకొన్నచో ఈ మూలము దొరకెడిది కాదు.

మూడవది: కారణము తెలియుట వేరు, మందు దొరకుట వేరు. హెడ్జ్‌హాగ్ సంకేతమును అడ్డగించు విస్మోడెగిబ్ వలన ఒక యువకుని కంతులు త్వరగా కరిగినవని 2009లో వైద్యులు తెలిపిరి. కొలది నెలలలోనే అవి మరల పెరిగినవి. మందు అంటుకొను మాంసకృత్తి మారిపోయినది. పిల్లల విషయమున చిక్కు మరింత పెద్దది. ఎముక పెరుగుటకును ఇదే సంకేతము కావలెను. ఈ మందు వాడిన కొందరు పిల్లల ఎముకల పెరుగుదల పొరలు శాశ్వతముగా మూసికొన్నవని 2017లో వెల్లడియైనది. పెరుగుట కుపయోగించు సంకేతమును పెరుగుచున్న బిడ్డకు నిరోధించుట యెట్లు?

ఈ లోపములు హాటెన్ పరిశోధనను తక్కువ చేయవు. ఆమె వాగ్దానము చేసినది మందు కాదు. కణము నడవడిని తెలిసికొనుట. ఆ మార్గముననే మరియొక ఆశ కలదు. సంకేతమును అణచుటకు మారుగా, కణము తన ప్రయాణమును పూర్తిచేయునట్లు చేయుట. బి.ఎమ్.పి. అను మాంసకృత్తులు చుంచెలుక కంతికణములను విభజన మాన్పి పరిపక్వము చేయునని 2008లో రూసెల్ బృందము చూపినది. ఇది ఇంకను చికిత్స కాలేదు.

రేడియేషన్ చికిత్స పసిమెదడు ఎదుగుదలకు హాని చేయును. మూడేండ్లలోపు బిడ్డలకు వైద్యులు దానిని సాధ్యమైనంతవరకు తప్పించుటకు కారణ మిదే. బ్రతికిన బిడ్డ చదువునకు, ఆటకు తగి యుండవలెనన్నచో, కంతిని చంపుట మాత్రము చాలదు. అది పుట్టిన కణము ఎట్లు ఎదుగవలసి యుండెనో తెలియవలెను. ఒక తెగకు హాటెన్ చూపిన ఈ ఓపిక, మిగిలిన మూడు తెగలకును, మానవ కణములలోనే, జరుగవలసి యున్నది.