దారం మెలికలో అనుభవం

కనుబొమలు తీర్చడానికి బ్యుటీషియన్‌కు కావాల్సింది కాస్త నూలు దారం. ఒక కొస పళ్ల మధ్య బిగించి, నడుమ మెలికలు వేసి, వేళ్లు విప్పుతూ మూస్తూ ఉంటే ఆ మెలి జరిగి వెంట్రుకను కుదుళ్లతో సహా లాగేస్తుంది. ఎంత నేర్పు!

నలభై దాటితే చత్వారం. రోజంతా వంగి నిలబడితే మెడ, నడుము, మణికట్టు నొప్పులు. అయినా వరంగల్‌లోనో విజయవాడలోనో వీధి పార్లర్లలో యాభై దాటిన ఆంటీ కోసమే కాచుక్కూర్చునేవాళ్లుంటారు. ఆవిడ ముందుగా పౌడర్ అద్ది, "కన్ను మూసి చర్మం గట్టిగా లాగి పట్టుకోమ్మా" అంటుంది. వదులుగా ఉంటే దారానికి చర్మం కోసుకుపోతుందని ఆవిడకు తెలుసు. వయసుతో పలచబడిన కనుబొమలో ఏది తీయాలో కన్నా ఏది వదలాలో ఇంకా బాగా తెలుసు.

పెళ్లికూతురినైతే రెండు రోజుల ముందే రమ్మంటుంది, ఎర్రదనం తగ్గేందుకు.