ఏ నేలకు ఏ రకం

కొబ్బరిలో గంగబొండం పొట్టి రకం, త్వరగా కాపుకొస్తుంది, నీళ్ల బొండాలకు బాగుంటుంది. తూర్పు తీరపు పొడవు రకం ఆలస్యంగా కాసినా ఎండు కొబ్బరికి దాన్నే నమ్ముకుంటారు. ఈ రెంటినీ కలిపి గోదావరి గంగ అనే సంకర రకాన్ని అంబాజీపేట పరిశోధన కేంద్రమే ఇచ్చింది. మొక్క కొనే రైతు తన నేలేమిటో, కాయ దేనికో చూసుకున్నాకే రకం ఎంచుకుంటాడు. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఈ ఇంగితాన్ని పక్కన పెట్టేస్తున్నాం. విండోస్ వేగమా, లైనక్స్ వేగమా, మ్యాక్ వేగమా అని వాదించుకుంటాం కానీ, ఏ మిషను మీద, ఏ పనికి అన్న ప్రశ్న ఎత్తం.

వేగం సంగతి ముందు తేల్చుకుందాం. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత మిషను మీద విండోస్ 10 తెరిస్తే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, మౌస్ కదులుతుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. డబ్బా ముందున్న చిన్న దీపం ఆరకుండా మిణుకుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్కు వాడకం నూటికి నూరు: అప్‌డేట్లు, వైరస్ వెతుకులాట, ఫైళ్ల సూచిక అన్నీ ఆ ఒక్క డిస్కు మీదే పడ్డాయి. అదే మిషనులో లుబుంటు లాంటి తేలికపాటి లైనక్స్ వేస్తే ఊపిరి పీల్చుకుంటుంది. అయితే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే విండోస్ మీద ఫిర్యాదుల్లో చాలావరకు పోతాయి. అంటే మనం ఆపరేటింగ్ సిస్టమ్ నెమ్మది అనుకున్నదాంట్లో పెద్ద వాటా డిస్కుదే. మ్యాక్ వేగం నిజమే. చిప్పునూ సిస్టమ్‌నూ యాపిలే రూపొందించుకుంటుంది, 2020లో వచ్చిన ఎం1 చిప్పుతో అది బాగా తెలిసింది. కానీ ఆ సిస్టమ్‌ను వేరే కంపెనీ మిషనులో వేసుకోవడానికి యాపిల్ ఒప్పుకోదు.

నా దృష్టిలో అసలు తేడా ఒదుగుబాటులో ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. నిన్నటిదాకా కొబ్బరి దుకాణంలో బిల్లులు కొట్టిన మిషను ఇవాళా కొడుతుంది, కానీ దానికి భద్రతా సవరణలు ఇక మామూలుగా రావు. అరిగిపోని యంత్రాన్ని మూలన పడేయమనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్ కొబ్బరికాయలు దింపే కార్మికుడి జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఉంది, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ ఉంది. ఇంత చిన్నదానికీ అంత పెద్దదానికీ ఒదిగినది పాత డెస్క్‌టాప్‌కు ఒదగదా?

డీటీపీ సెంటర్ల వాళ్లు దీనికి ఒప్పుకోరు. పెళ్లికార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కడతారు, అవి విండోస్‌లోనే నడుస్తాయి. వాళ్ల మాట న్యాయమే, ఆ మిషను మీద విండోస్‌నే ఉంచుకోవాలి. అయితే ముడి ఎక్కడ పడిందో చూడండి. అను ఫైలును ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు పోయి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు మిగులుతాయి, అది విండోస్ అయినా సరే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది, మన గోదావరి పాయ పేరే. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. కొత్త పనులైనా అందులో కొడితే రేపు సిస్టమ్ మార్చుకునే వీలు చేతిలో ఉంటుంది.

చెడిపోతే బాగుచేసేవాడేడీ అన్నది ఇంకో అభ్యంతరం. ఊళ్లో మెకానిక్కులకు విండోసే తెలుసు, నిజమే. కానీ కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్పుతున్నారు. స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లైనక్స్ వ్యవస్థను తెచ్చింది. వాడేవాళ్లు నలుగురుంటే బాగుచేసేవాడు ఐదోవాడుగా వస్తాడు. పైగా తేల్చుకోవడానికి పాతది చెరపక్కర్లేదు. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే, డిస్కును ముట్టకుండా నడపవచ్చు. ఒక పూట అలా నడిపి దుకాణంలో ఉన్న ప్రింటర్ బిల్లు తీస్తుందో లేదో, వైఫై అందుతుందో లేదో చూసుకుని, పెన్‌డ్రైవ్ తీసేస్తే పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.