ఎంత చాలితే అంతే

పిల్లల ఐసీయూలో బిడ్డకు వెంటిలేటర్ పెట్టగానే తల్లిదండ్రులు అడుగుతారు: "ఆక్సిజన్ ఇంకొంచెం పెంచండి సార్." వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ఎంత తక్కువ గాలితో, ఎంత తక్కువ ఒత్తిడితో బిడ్డ గట్టెక్కుతుందో కనిపెట్టడంలోనే మా విద్యంతా ఉంది.

న్యుమోనియా ముదిరిన ఊపిరితిత్తుల్లో గాలి ఆడే భాగం కొంచెమే మిగులుతుంది. ఎక్కువ గాలి పంపితే ఆ భారమంతా దానిమీదే పడి, బాగున్నదీ దెబ్బతింటుంది. 2000లో వెలువడిన అమెరికా పరిశోధన పెద్దవాళ్లలో దీన్ని రుజువు చేసింది. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకు, కిలోకు 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇచ్చినప్పుడు మరణాలు సుమారు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. పిల్లల విషయంలోనూ మాది అదే బాట. పది కిలోల బిడ్డకు ఆ లెక్కన ఒక్కో ఊపిరికి 60 మిల్లీలీటర్లు. శ్వాసనాళంలో పెట్టిన ట్యూబ్ పక్కనుంచి కాస్త లీకైనా లెక్క తప్పుతుంది.

గుండె జబ్బు తోడైతే పని మరింత సున్నితం. ఎడమ జఠరిక నీరసించిన బిడ్డకు వెంటిలేటర్ ఒత్తిడి గుండె భారం తగ్గిస్తుంది. ఒకే జఠరికతో పుట్టి ఫాంటన్ ఆపరేషన్ అయిన బిడ్డకు అదే ఒత్తిడి అడ్డుపడుతుంది. ఆ బిడ్డలో చెడు రక్తం గుండె తోయకుండానే ఊపిరితిత్తులకు చేరాలి. తనంతట తాను గాలి పీల్చినప్పుడు ఛాతీలో పుట్టే లాగుడే దానికి ఊతం. అందుకే వీలైనంత త్వరగా ట్యూబ్ తీసేస్తాం. అలాగని ఒత్తిడి మరీ తగ్గిస్తే ఊపిరితిత్తి ముడుచుకుపోయి రక్తానికి దారి ఇరుకవుతుంది. మరీ ఉబ్బినా అంతే. ఇలాంటి ఒకే జఠరిక బిడ్డలకు మొదట్లో చేసే నార్‌వుడ్ ఆపరేషన్ అయిన పసికందుకు రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 75 నుంచి 85 శాతం ఉంటే చాలు. మానిటర్‌లో 98 చూడాలని ఆక్సిజన్ పెంచితే రక్తం ఊపిరితిత్తులకు మళ్లి, ఒంటికి చాలకుండా పోతుంది.

ఇన్ని తేడాలను ఏ మిషనూ తనంతట తాను పసిగట్టలేదు. ఛాతీ ఎంత లేస్తోంది, పాదాలు చల్లబడ్డాయా, మూత్రం వస్తోందా, మత్తు తగ్గించగానే బిడ్డ సొంతంగా ఊపిరి తీస్తోందా అని దగ్గరుండి చూసే మనిషి కావాలి. ట్యూబ్ ఈ రోజు తీయగలమా అని ప్రతి ఉదయం అడుగుతాం. ఆ జవాబు ముందుగా తెలిసేది రాత్రంతా పక్కన నిలబడిన నర్సుకే. కొత్త వెంటిలేటర్లు కొంటున్న ఆసుపత్రులకు నా విన్నపం ఒక్కటే: ప్రతి మిషన్ పక్కనా పిల్లల ఐసీయూలో శిక్షణ పొందిన నర్సు రాత్రీ పగలూ ఉండేలా చూడండి.