గేర్‌బాక్సు కింద చుక్క

మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటికి ఆయిల్‌ను తిప్పే పంపు ఉండదు. అడుగున నిలిచిన ఆయిల్‌లో మునిగి తిరిగే గేర్లే దాన్ని పైకి చిమ్ముతాయి. పై షాఫ్టులకు, బేరింగులకు అందేది ఆ చిమ్మిన ఆయిలే. మట్టం తగ్గేకొద్దీ పైనున్నవి, చివరనున్నవి ముందు ఎండిపోతాయి. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో అయిదో గేరు గేర్‌బాక్సు కొసన విడి మూతలో ఉంటుంది. ఆయిల్ తగ్గిన బండిలో తరచుగా మొదట ఊళ వినిపించేది ఆ గేరులోనే. ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. గేర్‌బాక్సుకు మామూలుగా అలాంటి దీపం ఉండదు. బండి నిలిపిన చోట నేల మీద పడే మరకే దాని హెచ్చరిక.

ఆ మరకను చిన్నచూపు చూడకూడదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. చిన్న కారు గేర్‌బాక్సులో పట్టే ఆయిల్ సుమారు 2 లీటర్లు. బండి రోజుకు 4 గంటలు తిరుగుతూ, తిరిగినంతసేపూ నిమిషానికి ఒక్క చుక్క పోతోందనుకుంటే రోజుకు 240 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు చొప్పున అది 12 మిల్లీలీటర్లు. మూడు నెలలు తిరగకముందే లీటరు ఖాళీ అవుతుంది. కారేచోటు కాస్త ఎత్తులో ఉంటే, మట్టం అక్కడికంటే దిగగానే కారడం దానంతటదే ఆగిపోతుంది. దాన్ని చూసి బాగైపోయిందని ఊరుకున్న బండే ఎక్కువ ప్రమాదంలో ఉన్న బండి.

మొదట తేల్చాల్సింది కారుతున్నది ఏమిటన్నది. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటైన వాసన ఉంటుంది, వేలికి జిడ్డుగా పట్టుకుంటుంది. ఇంజన్ ఆయిల్ వాడేకొద్దీ నల్లబడుతుంది, వాసన వేరు. ఇంజన్‌ వెనక సీలు కారినా, గేర్‌బాక్సు ముందు సీలు కారినా చుక్క పడేది ఆ రెంటి మధ్యనున్న బెల్ హౌసింగ్ అడుగునే కాబట్టి ఈ తేడా గుర్తించడం తప్పనిసరి. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండ్లలో కింది సిలిండర్ నుంచి బ్రేక్ ఫ్లూయిడ్ కూడా అక్కడే కారవచ్చు. అది పలచగా ఉంటుంది, పెయింటును తినేస్తుంది, దాని డబ్బాలో మట్టం దిగుతుంది. కొన్ని కంపెనీలు గేర్‌బాక్సులోనూ ఎర్రటి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ వాడతాయి కనుక రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

తర్వాత పుట్టినచోటు వెతకాలి. ఈ పనిలో సగానికి పైగా నైపుణ్యం ఇక్కడే ఉంది. నడిచే బండి కింద గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, బరువు దాన్ని కిందికి లాగుతుంది. అందుకే చుక్క రాలేది తరచుగా కారేచోటికి జానెడో మూరెడో అవతల. మడ్డి పేరుకున్న గేర్‌బాక్సును చూసి ఏ మెకానిక్కూ సరైన మాట చెప్పలేడు. ముందు డీజిల్‌తోనో డీగ్రీజర్‌తోనో కడిగి, బట్టతో పొడిగా తుడిచి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడాలి. తడి కనిపించిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు చోటు. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అల్ట్రావయొలెట్ దీపంతో వెతకవచ్చు. బండి కిందికి దూరే ముందు చక్రాలకు అడ్డం పెట్టి, స్టాండ్ల మీద నిలపాలి. ఉత్త జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు. జాకీ జారితే తప్పించుకునే సమయం ఉండదు.

ఏ సీలునైనా ఊడదీసే ముందు చూడాల్సిన చిన్న భాగం బ్రీదర్. గేర్లు తిరిగి వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది పోయే దారి గేర్‌బాక్సు పైనున్న ఆ సన్నటి రంధ్రం. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల అంచుల నుంచి బయటికి నెడుతుంది. ఏ లోపమూ లేని కొత్త సీలు కూడా అప్పుడు కారుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దమ్ము చేసే ట్రాక్టర్ల బ్రీదర్లు బురదతో పూడిపోవడం సహజం. సీజన్ కాగానే వాటిని విప్పి శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. ఇదే రంధ్రం నుంచి నీళ్లు లోపలికీ పోతాయి. వేడి గేర్‌బాక్సు ఒక్కసారిగా నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన వాటిలాంటి బండ్లకు ఇంజన్ ఆయిల్ ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. ప్లగ్ విప్పితే పాల టీ రంగులో ఆయిల్ వచ్చిందంటే గేర్‌బాక్సులోకి నీరు చేరినట్టే.

బ్రీదర్ బాగుంటే సులువైన చోట్ల నుంచి మొదలుపెట్టాలి. డ్రెయిన్ ప్లగ్ వాషరు నలిగి కూర్చునే రకమైతే విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. కారుతోందని ప్లగ్‌ను మరింత బలంగా బిగించడం చెడ్డ అలవాటు. అల్యూమినియం హౌసింగ్‌లో మర తెగితే ఇరవై రూపాయల వాషరుతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది. రివర్స్ దీపం స్విచ్చు, స్పీడోమీటర్ కేబుల్ దగ్గరి ఓ-రింగ్, గేర్ మార్చే కడ్డీ సీలు కూడా పెద్ద ఖర్చు లేకుండా మార్చగలిగేవే.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువగా కారేవి చక్రాల వైపు వెళ్లే రెండు డ్రైవ్ షాఫ్టుల సీళ్లు. సీలులో ఉన్నదల్లా ఇనుప రింగు, దానికి అతికిన రబ్బరు పెదవి, ఆ పెదవిని షాఫ్టుకు అదిమిపట్టే సన్నటి స్ప్రింగు. వేడికి రబ్బరు గట్టిపడుతుంది, దుమ్ముకు అరుగుతుంది. మార్చే ముందు ఆయిల్ దింపాలి. దింపడానికి డ్రెయిన్ ప్లగ్ విప్పేముందు పోసే ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకోవాలి. అది బిగుసుకుపోయి ఉంటే దింపిన ఆయిల్‌కు బదులు పోసే దారే ఉండదు. షాఫ్టును బయటి జాయింట్ పట్టుకుని లాగితే లోపలి జాయింట్ ఊడుతుంది. గేర్‌బాక్సు దగ్గర కడ్డీతో సమంగా మీటి తీయాలి. పాత సీలును తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్ మీద గీత పెడితే ఆ గీతే కొత్త దారి అవుతుంది. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి. కొన్ని సీళ్ల మీద తిరిగే దిశకు బాణం గుర్తు ఉంటుంది, కుడిది ఎడమకు పనికిరాదు. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీలు బయటి అంచంత వెడల్పున్న గొట్టాన్ని ఆనించి చుట్టూ సమంగా దిగేలా తట్టాలి.

ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోని మెకానిక్ అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది: పాత సీలు ఎందుకు పోయింది? షాఫ్టు మీద సీలు పెదవి ఆనే చోట గోటికి తగిలేంత గాడి పడి ఉంటే కొత్త రబ్బరు కూడా నిలవదు. అప్పుడు షాఫ్టు మార్చాలి, లేదా గాడి మీద పలచటి ఉక్కు తొడుగు వేయాలి. షాఫ్టును చేత్తో పైకీ కిందికీ కదిపినప్పుడు ఉండకూడనంత ఆట ఉంటే లోపం బేరింగుది. వెనక చక్రాలు తిప్పే బండ్లలో గేర్‌బాక్సు తోక సీలుకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ లోపలి బుష్షు అరిగి ఉండవచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు ఫ్లాంజీల మీద గుర్తు పెట్టుకుంటే బిగించాక వణుకు రాదు.

ఇన్‌పుట్ షాఫ్టు సీలు అన్నిటికంటే కష్టమైనది. గేర్‌బాక్సు దింపితే తప్ప అది కనిపించదు. ఆ ఆయిల్ క్లచ్ ప్లేటును తడిపితే బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది గానీ వేగం పెరగదు. కదిలేటప్పుడు కుదుపు వస్తుంది. తడిసిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం చాలా షెడ్లలో జరిగేదే. లైనింగ్ లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి వస్తుంది కాబట్టి అది నిలబడే పని కాదు. గేర్‌బాక్సు దింపడానికే కూలీ ఎక్కువ గనుక అదే విడతలో ఇంజన్ వెనక సీలు, రిలీజ్ బేరింగు కూడా చూసి, అనుమానం ఉంటే మార్చేయడం యజమానికి లాభం.

హౌసింగ్ అతుకు దగ్గర కారితే పాత గాస్కెట్టు గమ్ మొత్తం గీకి, మెత్తగా శుభ్రం చేసి, సన్నటి తీగలా కొత్తది పెట్టాలి. ఎక్కువ పెడితే లోపలికి ఉబికిన గమ్ తునిగి ఆయిల్ దారుల్లో అడ్డుపడుతుంది. ట్యూబు మీద రాసిన సమయం వరకూ ఆరనివ్వాలి. పైనుంచి ఎం-సీల్ ముద్ద అద్దడం ఊరు చేరేదాకా పనికొచ్చే ఉపాయం. దాన్ని మరమ్మతు అనలేం. సీళ్లను ఉబ్బించే మందులు గట్టిపడిన రబ్బరుకు కొన్నాళ్లు సాయపడతాయి, తెగిన పెదవికి, గాడి పడిన షాఫ్టుకు ఏమీ చేయవు. కారడం తగ్గుతుందని చిక్కటి ఆయిల్ పోయడం వీటన్నిటికంటే చెడ్డది. చలి ఉదయాన అది గేర్లకు ఆలస్యంగా అందుతుంది, గేరు పడటం కష్టమవుతుంది.

ఆయిల్ ఎంపిక కంపెనీ పుస్తకం ప్రకారమే జరగాలి. 1928లో క్యాడిలాక్ కార్లతో వచ్చిన సింక్రోమెష్ ఏర్పాటులో, గేర్లు కలిసేముందు వేగాలు సమానం చేసేది ఒక శంఖాకారపు రింగు. అది చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడిదే. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాల మోతాదు ఎక్కువ. వెనక యాక్సిల్ గేర్లకు అది మంచిదే. జీఎల్-4 కోరిన గేర్‌బాక్సులో పోస్తే కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి, రింగు పట్టు కూడా జారి గేరు గీరుకుంటుంది. డబ్బా మీద చిక్కదనం చెప్పే 75డబ్ల్యూ-90 అన్న అంకె ఒక్కటీ కుదిరితే చాలదు, జీఎల్ అంకె కూడా చూడాలి.

బండి సమతలంగా నిలిపి, మట్టం చూసే రంధ్రమే పోసే రంధ్రమైన బండ్లలో దాని కింది అంచు దాకా ఆయిల్ పోస్తే చాలు. అంతకుమించి పోస్తే నురగ పుడుతుంది, సీళ్ల మీద భారం పెరుగుతుంది. దింపిన పాత ఆయిల్‌లో, అయస్కాంతం ఉన్న ప్లగ్ మీద బూడిద రంగు మెత్తటి ముద్ద కనిపించడం మామూలే. గోరంత ఉక్కు ముక్కలు కనిపిస్తే గేర్‌బాక్సు విప్పి చూడాలి. వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలువలో పారబోయకుండా డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న సేకరణదారుకు ఇవ్వాలి. బాగుచేసిన చోటును పొడిగా తుడిచి ఉంచి, వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి, మరుసటి వారం ఇంకొకసారి వేలితో తడిమి, మట్టం చూసుకుంటే పని పూర్తయినట్టు.