నడిచేవి, నడిచాయి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత ఏలూరు కాలవలో సరుకుల పడవలు నడిచేవి. ఈ రెండు క్రియలనూ మార్చి చూడండి: ఆనకట్ట 1852లో పూర్తయ్యేది, పడవలు నడిచాయి. మొదటిది అసలు పొసగదు, రెండోది ఏదో ఒక రోజు సంగతిలా వినిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో బడి ముఖం చూడనివాళ్ళు కూడా ఈ పొరపాటు చెయ్యరు. స్పానిష్ నేర్చుకునేవాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే. జరిగి ముగిసినదానికి ఒక భూతకాలం, అలవాటుగా సాగినదానికి మరొకటి. ఈ రెండోదే ఇంపెర్ఫెక్తో. తెలుగువాళ్ళకు దీన్ని ఇంగ్లిష్ మీదుగా కాక నేరుగా తెలుగులోంచే నేర్పాలన్నది నా వాదన. సవర పిల్లలకు సవరలోనే పాఠాలు రాసిన గిడుగు రామమూర్తి పట్టిన దారి కూడా ఇలాంటిదే, నోట్లో ఉన్న భాషలోంచి మొదలుపెట్టడం.

ఇంగ్లిష్‌లో నిన్న వెళ్ళినదానికీ, చిన్నప్పుడు రోజూ వెళ్ళినదానికీ 'వెంట్' ఒక్కటే చాలు. 'యూజ్‌డ్ టు' ఉన్నా, అది లేకపోతే వాక్యం తప్పేమీ కాదు. మనకు అలా కుదరదు. నిన్నైతే వెళ్ళాను, రోజూ అయితే వెళ్ళేవాణ్ణి. పోనీ, కాలం పొడుగైతే అలవాటు రూపం వచ్చేస్తుందా అంటే రాదు. 'రాజమండ్రిలో పదేళ్ళు ఉన్నాను' అంటాం గానీ 'పదేళ్ళు ఉండేవాణ్ణి' అనం, లెక్కగట్టి ముగించిన కాలం కాబట్టి. స్పానిష్ కూడా ఇక్కడ ఇంపెర్ఫెక్తోని వదిలేసి 'బిబీ' (నివసించాను) అంటుంది. భావన ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మధ్యలో మూడో భాష ఎందుకు?

రూపాలు కష్టం కాదు. 'ఆర్'తో ముగిసేవాటికి ఆబ, ఆబస్, ఆబ, ఆబమోస్, ఆబైస్, ఆబన్. 'ఎర్', 'ఇర్' వాటికి ఈయ, ఈయస్, ఈయ, ఈయమోస్, ఈయైస్, ఈయన్. అబ్లార్ (మాట్లాడు) అబ్లాబ అవుతుంది, కొమేర్ (తిను) కొమీయ అవుతుంది. దారి తప్పేవి సేర్, ఈర్, బేర్ అనే మూడే. మన రూపం పుట్టుక ఇంకా ముచ్చటైనది. నడిపే, వాడు కలిసి నడిపేవాడు. 'అతను పడవ నడిపేవాడు' అన్నది అతని వృత్తీ కావచ్చు, ఒకప్పటి అలవాటూ కావచ్చు. అలవాటునే మనిషికి పేరుగా పెట్టి, ఆ పేరునే క్రియగా వాడుకుంటున్నాం. అందుకే మనకు చేసేవాడు, చేసేది అన్న తేడా ఉంది. లాటిన్ ప్రత్యయంలోంచి వచ్చిన అబ్లాబకు లింగం పట్టదు. నేనుకూ అతనుకూ రూపం ఒకటే కావడంతో, అవసరమైనప్పుడు యో, ఎల్ అని కర్తను పైకి చెప్పాలి.

రెండు భాషలూ అంతటా కలవవు కదా అని అడగవచ్చు. నిజమే, కలవవు. 'నది దాటుతుండగా గాలి లేచింది' అన్నప్పుడు మనం 'దాటేవాణ్ణి' అనం, స్పానిష్ మాత్రం అక్కడా క్రుసాబ అనే అంటుంది. మనం రెండుగా విడదీసి చెప్పేది వాళ్ళు ఒకే రూపంలో చెబుతారు. అభ్యంతరం గట్టిదే అయినా నా వాదన దీనితో కూలదు. ఇక్కడ తెలుగువాడు చెయ్యవలసింది తనకు తెలిసిన రెండింటినీ ఒకచోట చేర్చడమే, లేని తేడాను కొత్తగా పట్టుకోవడం కాదు. 'లేచింది' అన్నచోట ఎలాగూ ఇద్దరమూ ముగిసిన భూతకాలమే వాడతాం.