సీసా అడుగున

మ్యూజియం సీసా మూత తీయగానే అందరి కళ్లూ చేప మీదకే పోతాయి. నేను మాత్రం ముందు అడుగు చూస్తాను. ఫార్మలిన్‌లో బిగుసుకుని, ఆల్కహాల్‌లోకి మారిన చేప మొప్పల్లోంచి పట్టు తప్పిన పరాన్నజీవులు అక్కడే పడి ఉంటాయి. కాలేజీ జువాలజీ మ్యూజియం నా చేతిలో ఉన్నప్పుడు, ఆల్కహాల్ మార్చిన ప్రతిసారీ అటెండరు ఆ అడుగంతా సింకులో వంపబోయేవాడు. ‘‘ఏముంది మేడమ్, మడ్డే కదా’’ అనేవాడు.

పాత సీసాల విలువ తెలిసినవాళ్లూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని నార్త్-వెస్ట్ యూనివర్సిటీ పరిశోధకులు సెరిటా వాన్ డెర్ వాల్, నికో స్మిట్, కెర్రీ హ్యాడ్‌ఫీల్డ్ కేప్‌టౌన్, పారిస్ మ్యూజియంల నుంచి పాత నమూనాలు అరువు తెప్పించుకున్నారు. తాము స్వయంగా సేకరించినవీ వాటి పక్కన పెట్టి చూశారు. చేప మొప్పల్లో మకాం వేసే ఎల్తూసా అనే పరాన్నజీవుల ప్రజాతి మీద వాళ్ల పని. ఆ దేశంలో అప్పటిదాకా తెలిసింది ఒక్క ఎల్తూసా రేనాడీయే. 2019లో వాళ్ల వ్యాసం వచ్చేసరికి అవి నాలుగయ్యాయి. కొత్తవాటిలో ఒకదాని నమూనాలుగా దొరికినవన్నీ ఆడవే. అందుకని దానికి టీవీ సీరియల్‌లోని యోధురాలు జీనా పేరు పెట్టారు. ఎల్తూసా చేరే కుటుంబంలో ప్రతి జీవీ మగదిగానే మొదలవుతుంది, వాటిలో కొన్ని తర్వాత ఆడవవుతాయి. అంటే ఆ జీనాలన్నీ ఒకప్పుడు మగవే!

ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కాబట్టి పాత నమూనాతో పని అంటే కళ్లూ చేతులే. ఎల్తూసాకు కొక్కేల్లాంటి కాళ్లు ఏడు జతలు. వాటిని, నోటి భాగాలను సన్నటి ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే విడదీసి స్లైడ్ మీద పెట్టి, మైక్రోస్కోప్‌లో చూస్తూ బొమ్మ గీయాలి. ఫోటోలో కనబడని ముల్లు గీసేటప్పుడు దొరుకుతుంది.

సీసాలోని చీటీ సంగతి వేరు. మామూలు సిరాతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ చేప మీద అన్నవి ఉంటే చాలు. పేరు తెలియనప్పుడు తెలియదని రాసినవాడికి నేను దణ్ణం పెడతాను. ధీమాగా తప్పు పేరు రాసిన సీసాను మళ్లీ ఎవరూ తెరవరు. నాలుగు రకాల చేపల్ని ఒకే సీసాలో కుక్కినవాళ్ల మీద మాత్రం నాకు కోపమే. అడుగున పడ్డది దేని మొప్పల్లోదో ఇక ఎవరు చెప్పగలరు?

ఈ సీసాలు కొత్త జాతులతోనే ఆగవు. అమెరికాలో చెల్సీ వుడ్ బృందం 1880 నుంచి 2019 దాకా ప్యూజెట్ సౌండ్‌లో పట్టిన చేపల్ని తెరిచి వాటి పరాన్నజీవుల్ని లెక్కబెట్టింది. బతకడానికి మూడు లేదా అంతకుమించిన రకాల ఆతిథేయ జీవులు కావలసినవి తగ్గిపోయాయని 2023లో తేల్చింది. 1880లో చేపను సీసాలో వేసినవాడు ఈ లెక్క కలలో కూడా అనుకుని ఉండడు.

చేపను ఇలా తెరవాలంటే కోత పెట్టాలి. కోత అంటే మ్యూజియం వాళ్లు ఊరికే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వీలైనంత చిన్న కోత పెట్టి, వెతికి, చేపను మళ్లీ దాని సీసాలోనే వేయాలి. దొరికినదానికి వేరే సీసా, వేరే నంబరు. రిజిస్టర్‌లో మాత్రం చేప నంబరు పక్కన పరాన్నజీవిది, పరాన్నజీవి నంబరు పక్కన చేపది రాయాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ ఆఖరి పనే.