కురుబల కత్తెర

కర్నూలు సీమ కురుబలు దక్కనీ గొర్రెల ఉన్ని కోస్తుంటే చూసి తీరాలి. బిరుసు ఉన్ని, ఏటా రెండు కోతలు.

ముందు గొర్రెను వాగులో కడుగుతారు. ఇసుక ఉంటే కత్తెర మొద్దుబారుతుంది. తర్వాత కాళ్లు కట్టి పడుకోబెడతారు. ఎడమచెయ్యి చర్మాన్ని బిగిస్తుంది, కుడిచేతి కత్తెర ఒంటికి ఆనుకుని సాగుతుంది. చర్మం ముడతపడితే గాటే! ఒకేచోట రెండుసార్లు కోస్తే పోగు పొట్టిదై వడకడానికి పనికిరాదు. ఎంత నేర్పు!

కడపవైపు ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతికి ఉన్ని దాదాపు ఉండదు, కత్తెరతో పనిలేదు. కత్తెర పడని బొచ్చూ ఉంది: వైర్ ఫాక్స్ టెర్రియర్ కుక్కకైతే ముదురు వెంట్రుకను వేళ్లతోనో స్ట్రిప్పింగ్ కత్తితోనో లాగాలి. కత్తిరిస్తే బొచ్చు మెత్తబడి రంగు వెలిసిపోతుంది.

కురుబలు కోసిన ఉన్ని దారమై, చింతగింజల గంజి పట్టి, మగ్గమెక్కి కంబళి అవుతుంది.